ఇరవై ఏడు వరుసలు

ఆఫీసులో నా సొరుగులో ఒక కాగితం ఉంది. పదేళ్ల కిందట ప్రింటు తీసింది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించాను. ఒక మూల టీ మరక. దానిమీద ఒక్క మాటా లేదు. అడ్డంగా 27 వరుసలు, నిలువుగా 13 గళ్లు, గళ్ల నిండా 0, 1, 2 అంకెలు, అంతే. కొత్తగా చూసినవాళ్లు సుడోకు అనుకుంటారు. ఒకసారి మా ఫ్లోరు ఊడ్చే మాషీ చిత్తుకాగితం అనుకుని బుట్టలో పడేస్తే, బుట్టంతా బోర్లించి వెతుక్కున్నాను.

2015లో విశాఖపట్నంలో కోరమాండల్ ఎక్కి హౌరాలో దిగి, సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరుగా చేరాను. కంపెనీ పేరు చెప్పను. చెప్పాలన్నా ఏ ఏడాది పేరు చెప్పాలో తెలియదు, ఈ పదేళ్లలో రెండుసార్లు మారింది. మెళ్లో వేసుకునే బ్యాడ్జీ రంగు నాలుగుసార్లు మారింది. చేరిన కొత్తలో ఒక్కొక్క బటనూ చేత్తో నొక్కి చూసేవాళ్లం. తర్వాత ఆ నొక్కుడు స్క్రిప్టుల చేత చేయించాం. ఆపైన స్క్రిప్టులన్నీ క్లౌడ్‌కు వెళ్లాయి. ఇప్పుడు ఏఐ తనే టెస్టులు రాస్తోంది, రాసినవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం మా ఉద్యోగం. ఉల్టాడాంగాలో దిగి షేర్ ఆటోలో మోకాళ్లు ముడుచుకుని వచ్చిన రోజులు పోయి, 2020లో సెక్టర్ ఫైవ్‌కు మెట్రో వచ్చింది. ఇన్ని మారినా ఆ కాగితంతో అవసరం తీరలేదు. దాన్ని చేసిన పనివాడి గురించి రాయాలని చాలాకాలంగా ఉంది.

నాకా కాగితం ఇచ్చింది మా టీములోని ఒక పెద్దాయన. దాదా అనేవాళ్లం. చేరిన మూడో నెలలో నా నెత్తిమీద ఒక పని పడింది. ఒక అప్లికేషన్‌లో 13 సెట్టింగులు, ఒక్కోదానికి మూడేసి విలువలు. అన్ని కలయికలూ పరీక్షించాలంటే ఎన్నని క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూస్తే 15,94,323 వచ్చింది. రిలీజుకు ఉన్నది పదకొండు రోజులు. నా మొహం చూసి దాదా నవ్వి, ఈ కాగితం తీసి బల్లమీద పెట్టారు. 27 టెస్టులు చాలన్నారు. ఏ రెండు సెట్టింగులు తీసుకున్నా, ఆ రెండింటి విలువల జతలన్నీ ఈ 27లో తప్పకుండా వస్తాయి, ప్రతి జతా సరిగ్గా మూడేసిసార్లు వస్తుంది అన్నారు. నమ్మలేదు. ఆ రాత్రి మెస్సులో కూర్చుని నిలువు గళ్లు రెండేసి చొప్పున తీసుకుని లెక్కపెట్టాను. 78 జతల గళ్లుంటాయి. ఇరవై దాకా చూసి, ఓడిపోయానని ఒప్పుకుని పడుకున్నాను.

మర్నాడు దీన్నెవరు చేశారని అడిగితే దాదా ఆశ్చర్యపోయారు. “మీవాడే కదయ్యా! మీ సి.ఆర్. రావు!” తెలుగువాణ్నయ్యుండీ నాకు తెలియకపోవడం ఆయనకు వింతగా తోచింది. ఆమాటకొస్తే నాకూ సిగ్గేసింది.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హూవిన హడగలిలో పుట్టారు. ఇప్పుడది కర్ణాటకలో ఉంది. తెలుగు కుటుంబం. చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో సాగింది. తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపి నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదని, ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకాన్ని ఆమెకు అంకితమిస్తూ ఆయన తలచుకున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. ముగించాక, యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని కలకత్తా వచ్చారు. వయసు చాలదని వాళ్లు ఉద్యోగం ఇవ్వలేదు. బస చేసిన హోటల్లో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్న ఒక దక్షిణాది యువకుడు పరిచయమయ్యాడు. అతనితో వెళ్లి ఆ చోటు చూసి వచ్చి, దరఖాస్తు పెట్టుకున్నారు. 1941 జనవరి 1న చేరారు. ఆ సైన్యంవాళ్లు ఉద్యోగం ఇచ్చి ఉంటే నేను పదకొండు రోజుల్లో ఏం చేసేవాణ్నో తెలియదు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931 డిసెంబరులో మొదలుపెట్టారు. చోటు, ప్రెసిడెన్సీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలోని గదులు. చెట్లు, చెరువులు ఉన్న బరానగర్ ఆవరణ తర్వాతి కథ. రావు చేరేనాటికి అక్కడ పనంటే ప్రధానంగా కూడికలు, హెచ్చవేతలు. జనపనార పంట ఎంత పండుతుంది, ఏ కులంవాళ్ల ముక్కు పొడవు సగటున ఎంత, నదికి వరద ఎన్నేళ్లకోసారి వస్తుంది, ఇలాంటివన్నీ చివరికి అంకెల గుట్టలై బల్లమీదికి చేరేవి. ‘కంప్యూటర్’ అన్నమాటకు అప్పుడు మనిషనే అర్థం. లెక్కలు చేసే ఉద్యోగి అన్నమాట. ఆ హోదా పేరు మన ప్రభుత్వ గణాంక కార్యాలయాల్లో చాలాకాలం నిలిచింది.

వాళ్ల చేతిలో ఉండేది పిడి తిప్పే లెక్కల యంత్రం. టైపు మిషనంత ఇనుప డబ్బా, పక్కన పిడి. ఒక సంఖ్యను 347తో హెచ్చవేయాలంటే పిడి ఏడుసార్లు తిప్పాలి, పైన ఉన్న బండిని ఒక స్థానం జరపాలి, నాలుగు తిప్పాలి, మళ్లీ జరపాలి, మూడు తిప్పాలి. మొత్తం 14 తిప్పులు. చేయి తిరిగినవాడి తేడా 398 లాంటి సంఖ్య వచ్చినప్పుడు కనబడుతుంది. కొత్తవాడు 8, 9, 3 కలిపి ఇరవై తిప్పులు తిప్పుతాడు. తెలిసినవాడు వందల స్థానంలో నాలుగు ముందుకు తిప్పి, ఒకట్ల స్థానంలో రెండు వెనక్కి తిప్పుతాడు. నాలుగొందల్లోంచి రెండు తీసేస్తే అంతే కదా. ఆరు తిప్పులతో పని అయిపోయింది. రోజుకు కొన్ని వందల హెచ్చవేతలుంటే భుజానికి ఆ తేడా తెలుస్తుంది.

రావు పనితనం ఆ భుజంనొప్పిలోంచి వచ్చిందని నా అభిప్రాయం. గణితజ్ఞులు ఒప్పుకోకపోవచ్చు. ఆయన రాసినవి చదివితే మాత్రం ప్రతిచోటా ఒకటే పంతం కనిపిస్తుంది: చేతికొచ్చిన సమాచారంలో చుక్క కూడా నేలపాలు కాకూడదు, పిడి ఒక్క తిప్పు కూడా ఎక్కువ తిరగకూడదు.

నా కాగితమే చూడండి. 27 అంకె ఎక్కడిది? 26తో ఎందుకు కాదు? దీనికి ఆయన 1947లో ఒక హద్దు కట్టారు, రావు హద్దు అనే పేరుతోనే చలామణీలో ఉంది. ఇలా ప్రతి జతా సమానంగా వచ్చే పట్టిక కావాలంటే, మొత్తానికి ఒక వరుస, ఆపైన ప్రతి సెట్టింగుకూ దాని విలువలకన్నా ఒకటి తక్కువ చొప్పున వరుసలు, కనీసం అన్ని ఉండి తీరాలి. మూడేసి విలువలున్న సెట్టింగులు పదమూడు: 1 + 13 × 2 = 27. అంటే నా కాగితం సరిగ్గా హద్దుమీద నిలబడింది. పొదుపుగా ఉన్న ఇంట్లో నెలాఖరు లెక్క చూసినట్టుంటుంది, ఇంకో గరిటె తగ్గిద్దామంటే కుదరదు.

ఈ పట్టికలకు ఆర్థోగనల్ అర్రే అని పేరు. వీటి ఆలోచన కలకత్తా గణిత సంఘం పత్రికలో 1946లో వచ్చిన ఆయన వ్యాసంలోనే ఉంది. పూర్తి రూపం మరుసటేడు లండన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రిక అనుబంధంలో అచ్చయింది. అప్పుడాయన దృష్టిలో ఉన్నవి పొలాలు. ఏ ఎరువు, ఏ విత్తనం, ఎంత నీరు అన్నవి తక్కువ మళ్లలో పరీక్షించడం ఎలాగన్నది ప్రశ్న. 1954-55లో జపాన్ ఇంజనీరు గెనిచి తగుచి ఇదే ఇన్‌స్టిట్యూట్‌కు సందర్శక ఆచార్యుడిగా వచ్చి పనిచేసి వెళ్లారు. తర్వాత ఆయన పేరుమీద ఈ పట్టికలు ఫ్యాక్టరీల్లోకి పాకాయి. 27 వరుసల పట్టికను అక్కడ ఎల్27 అంటారు. 1985లో రాబర్ట్ మాండ్ల్ అనే ఆయన వీటి దగ్గరి చుట్టాలైన లాటిన్ చదరాలతో ఎడా భాష కంపైలర్‌ను పరీక్షించవచ్చని చూపించాడు. అక్కణ్నుంచి మా టెస్టర్ల సొరుగుల్లోకి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. వరిమడి నుంచి సెక్టర్ ఫైవ్‌కు దారి టోక్యో మీదుగా ఉందన్నమాట.

ఇంతటి పట్టికను అల్లడం కష్టమేమో అనుకుంటాం. దాని అందం, అల్లడంలో ఉన్న తేలిక. చిన్నది చూద్దాం. మూడు సెట్టింగులు, రెండేసి విలువలు. ఫోను: కొత్తదైతే 0, పాతదైతే 1. నెట్టు: వైఫై అయితే 0, సిమ్ డేటా అయితే 1. భాష: ఇంగ్లీషైతే 0, తెలుగైతే 1. మొత్తం ఎనిమిది కలయికలు. మొదటి రెండు గళ్లలో 00, 01, 10, 11 రాయండి. మూడో గడిలో ఆ రెండింటి మొత్తం రాయండి. 2 వస్తే 0 అనుకోండి. వచ్చేవి 000, 011, 101, 110. నాలుగే వరుసలు. ఏ ఒక్క గడి మూసినా, మిగిలిన రెండింట్లో 00, 01, 10, 11 ఒక్కొక్కసారి వస్తాయి. రావు హద్దు ప్రకారం 1 + 3 × 1 = 4. ఇక్కడా గరిటె మిగల్లేదు.

ఈ పట్టిక దెబ్బ కూడా నేను తిన్నాను, అదీ చెప్పాలి. నాలుగో ఏడాదిలో, సరిగ్గా ఈ మూడు సెట్టింగులతోనే, నాలుగు టెస్టులు నడిపి రిలీజుకు సరేనన్నాను. వారం తిరగకుండా ఫిర్యాదులు. తెలుగు అక్షరాలకు బదులు తెరనిండా ఖాళీ డబ్బాలు. పాత ఫోనులో తెలుగు ఫాంటు ముందే ఉండదు, నెట్టు మీద దిగాలి. వైఫై ఉంటే సమయానికి దిగుతుంది. సిమ్ డేటా నెమ్మదైతే దిగేలోపు తెర తెరుచుకుంటుంది. పాత ఫోను, సిమ్ డేటా, తెలుగు. అంటే 111. పై నాలుగు వరుసల్లో అది లేదు. మా మేనేజరు పట్టికను తిట్టారు. నేనూ కాసేపు తిట్టాను. తర్వాత రావు వ్యాసం సంగతి చదివితే తెలిసింది, ఆయన అక్కడే హెచ్చరిక కట్టి ఉంచారు. ప్రతి అర్రేకు బలం అని ఒక కొలత పెట్టారు. బలం 2 అయితే జతలకు పూచీ, 3 అయితే మూడేసి కూడే గుంపులకు పూచీ. నేను బలం 2 ఉన్న నిచ్చెన వేసుకుని మూడో అంతస్తుకు ఎక్కబోయాను. ఏ పనిముట్టు ఎంత బరువు మోస్తుందో దానిమీదే చెక్కి ఇచ్చిన పనివాణ్ని తిట్టడానికి నోరెలా వస్తుంది?

ఇక ఆయన్ను ప్రపంచానికి పరిచయం చేసిన పదకొండు పేజీల సంగతి. అది ఈ పట్టికలకన్నా ముందుది. 1944లో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. వయసు ఇరవై నాలుగుకు మించదు. ఇంగ్లండు గణాంకవేత్త ఫిషర్ సిద్ధాంతం ఒకటి చెప్పారు. మన దగ్గరున్న నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనాలోని తప్పు ఎంతకన్నా తగ్గదో చెప్పే సిద్ధాంతమది. క్లాసులో వి.ఎం. దాండేకర్, తర్వాతి కాలంలో పేరుమోసిన ఆర్థికవేత్త, లేచి, నమూనా చిన్నదైతే అలాంటి హద్దు ఉందా అని అడిగారు. రావు ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని, మర్నాడు క్లాసులో జవాబు చెప్పారు. ఆ జవాబు 1945లో కలకత్తా గణిత సంఘం పత్రిక 37వ సంపుటంలో అచ్చయింది.

ఆ పదకొండు పేజీల్లో మూడు వేరువేరు వస్తువులున్నాయి. ఒక్కోటీ ఒక జీవితకాలానికి సరిపోతుంది. లెక్కల భాష వదిలి మామిడిపళ్ల బుట్టతో చెబుతాను.

లారీనిండా పళ్లు వచ్చాయి. ఎంత శాతం కుళ్లినవో తెలుసుకోవాలి. పది పళ్లు తీసి కోస్తే మూడు కుళ్లినవి. ఇప్పుడొక బద్ధకస్థుడు మొదట కోసిన పండు ఒక్కటే చూసి, కుళ్లింది కాబట్టి నూటికి నూరూ కుళ్లినవే అంటాడు. బాగుంటే ఒక్కటీ కుళ్లలేదంటాడు. వింతేమిటంటే, ఈ పద్ధతి పక్షపాతం లేనిదే. వెయ్యి లారీలకు ఇలాగే చెప్పుకుంటూ పోతే సగటున నిజమే వస్తుంది. కానీ ఏ ఒక్క లారీకీ పనికిరాదు. రావు దీన్నేం చేశారంటే: పదింటిలో మూడు అన్న మొత్తంలోనే కావలసిన సమాచారమంతా ఉంది, ఏది ముందు కోశామన్నది వట్టి పొట్టు. అందుకని బద్ధకస్థుడి అంచనా తీసుకుని, మొత్తం మూడు అని తెలిసినప్పుడు మొదటి పండు కుళ్లినదయ్యే అవకాశం ఎంత అని అడిగారు. పదిలో మూడు. ఆ 0.3ను అతని జవాబు స్థానంలో పెట్టారు. నిజంగా లారీలో 30 శాతం కుళ్లినవైతే, అతని అంచనాలో చెదురు 0.21. రావు తోమి ఇచ్చినదానిలో 0.021. సరిగ్గా పదో వంతు. ఎంత మొరటు అంచనా తెచ్చినా, సారమంతా పట్టి ఉంచిన మొత్తం దగ్గర ఇలా తోమితే మెరుగవుతుందే తప్ప చెడిపోదు. అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో విడిగా ఇదే కనుక్కున్నారు, అందుకే ఇది రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. రోబోలు తెలియని గదుల్లో తిరుగుతూ పటం గీసుకునే ప్రోగ్రాముల్లో ఇప్పటికీ ఈ తోముడు ఉంది. ఆ రంగంవాళ్లు ఇద్దరి పేర్లూ కలిపి క్రియాపదంగానే వాడుకుంటున్నారు.

రెండోది దాండేకర్‌కు ఇచ్చిన జవాబు. ఇంకా తోమితే 0.021 కన్నా తగ్గుతుందా? తగ్గదు. పది పళ్లు కోసి, పక్షపాతం లేకుండా చెప్పేవాడు ఎంత తెలివైనవాడైనా 0.021 గీత కింద అడుగు పెట్టలేడు. ఇదే క్రామెర్-రావు హద్దు. మారిస్ ఫ్రెషే 1943లోనే దీని దాపులకు వచ్చాడు, జార్జి దార్మువా 1945లో, స్వీడన్‌లో హరాల్డ్ క్రామెర్ 1946లో తమ తమ దారుల్లో చేరారు. యుద్ధంవల్ల ఒకరి పత్రికలు ఒకరికి అందని కాలం. ఎవరు ముందన్నది నాకంత ముఖ్యంగా తోచదు. నన్ను కట్టిపడేసేది అమరిక. తోమే పద్ధతి చెప్పి, తోమడం ఎక్కడ ఆపాలో కూడా అదే వ్యాసంలో చెప్పడం. మా వృత్తిలో ఈ రెండోది తెలిసినవాళ్లు అరుదు. టెస్టులు రాస్తూనే ఉంటారు.

మూడోదాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఒకచోట నూటికి ఒక పండు కుళ్లింది, ఇంకోచోట రెండు. మరో జత లారీల్లో యాభై, యాభై ఒకటి. తేడా రెండుచోట్లా ఒక్క శాతమే. కానీ పళ్ల వ్యాపారికి రెండూ ఒకటి కావు. ఒకటి రెండైతే కుళ్లు రెట్టింపైనట్టు. యాభై యాభై ఒకటైతే కోసిన పళ్లలో ఆ తేడా కనపడనే కనపడదు. రావు సమాచారాన్నే గజం బద్దగా మార్చి, సంభావ్యతల మధ్య దూరం కొలిచే జ్యామితి కట్టారు. దాని ప్రకారం మొదటి జత మధ్య దూరం రెండోదానికి నాలుగు రెట్లకు పైనే. రీమాన్ జ్యామితి తెచ్చి గణాంకాల్లో పెట్టిన ఈ భాగం ఆ పేజీల్లో మూలకు సర్దేసినట్టు ఉండిపోయింది. నాకున్న ఒకే ఒక ఫిర్యాదు ఇదే. మూడు వ్యాసాలు రాయాల్సింది, ఒక్కదాంట్లో కుక్కేశారు. పొదుపు మరీ ఎక్కువైంది. ఆయన 1965 నాటి ‘లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్’ పుస్తకం తెరిచినా అంతే. ఇతర రచయితలు నాలుగు పేజీలు తీసుకునే చోట ఆయన అరపేజీలో తేల్చేస్తారు. అభ్యాసాల్లో ఏ ఒక్కటి పట్టుకున్నా వారం పోతుంది. నాలాంటివాడు పక్కన ఇంకో పుస్తకం పెట్టుకోక తప్పదు.

1946లో మహలనోబిస్ ఆయన్ను కేంబ్రిడ్జికి పంపారు. సూడాన్‌లో జెబెల్ మోయా అన్నచోట, మందుల వ్యాపారి హెన్రీ వెల్‌కమ్ 1910-14 మధ్య తవ్వించిన ఎముకలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఆ మనుషులు ఏ జనానికి దగ్గరివాళ్లో తేల్చాలి. దానికి మహలనోబిస్ కనిపెట్టిన డీ-స్క్వేర్ దూరం కావాలి. పగలు మ్యూజియం, ఇంకోవైపు ఫిషర్ దగ్గర ఎలుకల జన్యువుల మీద పని. 1948లో పీహెచ్‌డీ పట్టా వచ్చింది. జెబెల్ మోయా పుస్తకం ముఖర్జీ, ట్రెవర్‌లతో కలిసి 1955లో వెలువడింది.

డీ-స్క్వేర్ లెక్కగట్టడమంటే పిడి తిప్పేవాడికి నరకం. పుర్రెకు తొమ్మిది కొలతలుంటే, ఒక్కోటీ విడిగానూ, ఒకదానితో ఒకటిగానూ ఎలా కదులుతాయో చెప్పే సంఖ్యలు 45. ఆ గుంపును తిరగేయాలి, దానితో రెండు జనాల తేడాలను హెచ్చవేయాలి, మళ్లీ హెచ్చవేయాలి. రావు 1952 నాటి ‘అడ్వాన్స్‌డ్ స్టాటిస్టికల్ మెథడ్స్ ఇన్ బయోమెట్రిక్ రీసెర్చ్’లో దీనికి వాడిన పివటల్ కండెన్సేషన్ పద్ధతిని, ఒక వడ్రంగి ఇంకో వడ్రంగి చేసిన జాయింటు చూసినట్టు చూశాను. పట్టికను తిరగేయడమే లేదు. తేడాల సంఖ్యలను ఒక అంచులా పట్టికకు కుట్టి, ఒక్కొక్క వరుసనూ పట్టుకుని మిగతావాటిలోంచి తుడిచేస్తూ రావడం. చివరి మూలన మిగిలే సంఖ్యే కావలసిన దూరం. అంతకన్నా ముచ్చటైనది దారిలో ఉంది. మొదటి వరుస తుడవగానే ఒక్క కొలతతో వచ్చే దూరం ఆ మూలన కనిపిస్తుంది, రెండోది తుడవగానే రెండు కొలతలతో వచ్చేది. ఐదో కొలత తర్వాత సంఖ్య పెద్దగా పెరగడం లేదంటే, మిగతా నాలుగూ కొలవడం దండగని అక్కడికక్కడే తెలుస్తుంది. ఒక్క తిప్పు ఎక్కువ తిప్పకుండా తొమ్మిది ప్రశ్నలకు జవాబులు వచ్చాయి. మేం రాసే ప్రోగ్రాముల్లో మధ్యలో వచ్చే సంఖ్యలను చూడకుండానే పారేస్తాం, యంత్రానికి అలుపు లేదు కాబట్టి.

అలుపులేని యంత్రాలు కూడా ఆయన ఉన్న చోటికే ముందు వచ్చాయి. 1953లో సమరేంద్ర కుమార్ మిత్ర, ఆశీష్ కుమార్ మైతీ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఒక అనలాగ్ కంప్యూటర్ కట్టారు. పది తెలియని రాశులున్న సమీకరణాలు సాధించేది. 1955లో ఇంగ్లండు నుంచి హెచ్‌ఈసీ-2ఎం దిగింది, దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్. గదంత యంత్రం, దాని డ్రమ్ములో 1024 సంఖ్యలకే చోటు. 1958లో సోవియట్ ఉరాల్, 1964లో ఐబీఎం 1401, 1966లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి సొంతంగా చేసుకున్న ఐఎస్‌ఐజేయూ-1. పన్నెండు పదమూడేళ్లలో ఐదు యంత్రాలు. మా కంపెనీ బ్యాడ్జీ రంగులు నయం. ‘కంప్యూటర్’ అన్న మాట మనుషుల మీంచి దిగి ఇనుప బీరువాల మీద కూర్చుంది ఆ రోజుల్లోనే. రావు ఆ గదుల పక్కనే పరిశోధన, శిక్షణ విభాగం నడిపారు, 1972లో మహలనోబిస్ పోయాక డైరెక్టరయ్యారు. నలభై ఏళ్ల దాకా అక్కడే గడిపి అమెరికా వెళ్లి, పిట్స్‌బర్గ్‌లో, పెన్‌స్టేట్‌లో మరో జీవితకాలం పనిచేశారు. ఆ పదకొండు పేజీలను గుర్తుపెట్టుకుని అంతర్జాతీయ గణాంక బహుమతి ఇచ్చింది 2023లో, అచ్చయిన 78 ఏళ్లకు. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో ఆయన వెళ్లిపోయారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరుతో ఒక సంస్థ ఉంది.

మొన్న పూజ సెలవుల ముందు మా టీములో కొత్తమ్మాయి చేరింది. ఆమదాలవలస దగ్గరి పిల్ల. నాలుగు సెట్టింగులు, మూడేసి విలువలున్న ఒక పని ఇచ్చాను. అరగంటలో ఏఐ చేత 60 టెస్టులు రాయించి తెచ్చింది. మొత్తం ఉన్నవే 81. ఆ అరవైలోనూ ఒక జత ఎక్కడా లేదు, ఇద్దరం వెతికాం. ల్యాప్‌టాప్ మూయమని తెల్లకాగితం ఇచ్చాను. మొదటి గడిలో 0, 1, 2 మూడేసిసార్లు, రెండో గడిలో 0, 1, 2 వంతులవారీగా రాయించాను. మూడోది రెండింటి మొత్తం, నాలుగోది మొదటిదానికి రెండోదాన్ని రెండుసార్లు కలిపితే వచ్చేది. మూడు దాటితే మూడు తీసేయాలి, మూడైతే సున్నా. తొమ్మిది వరుసలయ్యాయి.

“ఇంతేనా అన్నా?” అంది.

“మూడు, నాలుగు గళ్లు పక్కపక్కన పెట్టి చూడు. తొమ్మిది జతలూ రావాలి.”

కిటికీ బయట ఝాల్‌మూడీ బండివాడు డబ్బా గలగలలాడిస్తున్నాడు. తను పెన్సిలుతో ఒక్కొక్క జత పక్కనా టిక్కు పెట్టుకుంటూ పోయింది. ఎనిమిది దొరికాక ఆగింది.

“రెండు-ఒకటి లేదన్నా.”

నేనేం మాట్లాడలేదు. పైనుంచి వేలు పెట్టుకుంటూ మళ్లీ వచ్చి, మూడో వరుస దగ్గర టిక్కు పెట్టింది.